ఫొటోల నుంచి టైమ్‌ల్యాప్స్: ఏ సాఫ్ట్‌వేర్ బెటర్?

వరంగల్ భద్రకాళి చెరువు దగ్గర సూర్యాస్తమయాన్ని 5 సెకన్లకో ఫొటో చొప్పున గంటసేపు తీశాను. మొత్తం 720 ఫొటోలు. సెకనుకు 24 ఫ్రేములు వేస్తే 30 సెకన్ల వీడియో. తీరా ప్లే చేస్తే ఆకాశం పాడైన ట్యూబ్‌లైట్‌లా మిణుకుమిణుకుమంటోంది! ఆటో ఎక్స్‌పోజర్‌లో వదిలేయడం నా తప్పే. ఆ సాయంత్రం మళ్లీ రాదు కదా!

డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ వరుస నంబర్ల ఫొటోలను ఒకే క్లిప్‌గా తీసుకుంటుంది. డీఫ్లికర్ కావాలంటే మాత్రం డబ్బులు కట్టి స్టూడియో వెర్షన్ కొనాలి. ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ ఈ పని కోసమే తయారైంది, కానీ ఫ్రీ వెర్షన్ 400 ఫొటోల వరకే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పూర్తిగా ఉచితం, డీఫ్లికర్ ఫిల్టర్ కూడా ఉంది. కాకపోతే కమాండ్లు టైప్ చేయాలి. నా వీడియోలో మిణుకు చాలావరకు తగ్గించింది అదే.

అందుకే ముందు మీ ఫొటోల్లో వెలుగు నిలకడగా ఉందో లేదో చూడండి. ఉంటే రిజాల్వ్ చాలు. లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ట్రై చేయండి. వీడియో వచ్చేసింది కదా అని ఒరిజినల్ ఫొటోలు మాత్రం డిలీట్ చేయొద్దు!