షిఫ్టు రిపోర్టులు పోగుచేసే చిన్న కమాండు

వేసవి సెలవుల్లో నెల రోజుల శిక్షణ కోసం ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్ళాను. పేరుతో మనకు పనిలేదు. నాకప్పగించిన పని చూడ్డానికి చాలా చిన్నది. పొద్దున ఎనిమిదింటికల్లా మేనేజరుగారి బల్లమీద ఒక కాగితం ఉండాలి. రియాక్టర్లు, సెంట్రిఫ్యూజులు, డ్రైయర్లు, బాయిలరు, నీళ్ళ ప్లాంటు, ఇలా పదకొండు సెక్షన్లు. రాత్రి ఎక్కడ ఏం నడిచింది, ఏది ఆగింది, ఎందుకాగింది అన్నది అందులో ఉండాలి. అప్పటిదాకా ఒక గుమాస్తా షెడ్డు షెడ్డుకీ తిరిగి లాగ్‌బుక్కులు చూసి రాసుకొచ్చేవాడు. అదంతా కంప్యూటరు చేత చేయించమన్నారు.

కమాండు అంటే ఏమిటని అడిగే ఆర్ట్స్ మిత్రులకు ఒక మాట. తెరమీద బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. ఒక మాట టైపు చేస్తాం, అది మాటల్లోనే జవాబు చెబుతుంది. అంతే. 1973లో డగ్ మెకిల్రాయ్ పట్టుబట్టగా కెన్ థాంప్సన్ యూనిక్సులో ‘పైపు’ అనే ఏర్పాటు చేశాడు. ఒక కమాండు చెప్పినదాన్ని ఇంకో కమాండు అందుకుంటుంది, దాన్ని మరొకటి. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘాన్ అనే ముగ్గురు తమ పేర్ల మొదటి అక్షరాలతో ‘ఆక్’ తయారుచేశారు. వరసలు, గళ్ళు ఉన్న ఏ పట్టీనైనా అది ఇట్టే విడదీసి పెడుతుంది. నాకు ఈ రెండూ సరిపోయాయి.

ఏర్పాటు ఇది. ప్రతి సెక్షను సూపర్‌వైజరూ షిఫ్టు దిగేముందు ఒక ఫైలులో యంత్రానికొక వరస రాయాలి: యంత్రం పేరు, నడుస్తోందా ఆగిందా, కారణం, రాసినవారి పేరు. నా కమాండు ఆ ఫైళ్ళన్నీ వెతికి, ఒక్కొక్క సెక్షనుకు అన్నిటికన్నా కొత్త ఫైలు ఏదో చూసి, ఆ వరసలన్నీ కూర్చి అచ్చు వేస్తుంది. మొత్తం నలభై వరసల ప్రోగ్రాము. మూడో రోజుకే పనిచేసింది. మేనేజరుగారు భేష్ అన్నారు. నేనూ కాస్త పొంగిపోయాననే చెప్పాలి.

రెండోవారంలో ఒకరోజు పొద్దున డ్రైయర్ల షెడ్డుకు కాగితం పట్టుకుని ఆపరేటరు వెళ్ళాడు. ‘డ్రైయరు 2, సిద్ధం’ అని ఉంది. స్విచ్చి వెయ్యబోతుంటే అక్కడి పాత ఎలక్ట్రీషియను చెయ్యి పట్టుకున్నాడు. ‘‘ముందుగాల మనిషిని చూడు బిడ్డా, కాయితం తర్వాత చూద్దువు.’’ డ్రైయరు వెనకాల ఫిట్టరు కూర్చుని బేరింగు విప్పుతున్నాడు. రాత్రి రెండింటికి అది మొరాయిస్తే ఆపేశారు. స్విచ్చికి తాళం వెయ్యలేదు, అది వేరే తప్పు. కాగితంమీది తప్పు మాత్రం నాదే. రాత్రి సూపర్‌వైజరు రిపోర్టు రాయలేదు. నా కమాండు ‘అన్నిటికన్నా కొత్తది’ అని నిన్న సాయంత్రం ఫైలు తెచ్చి పెట్టింది. అది ఎప్పటిదో కాగితంమీద లేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు, గ్యాసు వేదికమీద జరిగిన సంగతి మా మాస్టారు ఒకసారి చెప్పారు, అది గుర్తుకొచ్చింది. పగటి షిఫ్టువాళ్ళు ఒక పంపు సేఫ్టీ వాల్వు మరమ్మత్తుకు విప్పారు. ఆ మాట రాత్రి షిఫ్టుకు అందలేదు. రెండో పంపు ఆగిపోతే, మొదటిది బాగానే ఉందనుకుని నడిపారు. గ్యాసు పొక్కి అంటుకుంది. 167 మంది చనిపోయారు. వాల్వు విప్పినట్లు కాగితం ఉంది. చదవవలసినవాళ్ళ చేతికి రాలేదు, అంతే.

మర్నాడు ప్రోగ్రాము మొదటినుంచి తిరగరాశాను. ఇదివరకు వచ్చిన ఫైళ్ళతో మొదలుపెట్టేవాణ్ణి. వచ్చినవాటితో మొదలుపెడితే రానివాటి ఊసే ఉండదు గదా! ఇప్పుడు ముందుగా పదకొండు సెక్షన్ల పేర్లతో ఒక పట్టీ. ఒక్కొక్క పేరుకూ ఈ షిఫ్టు ఫైలు ఉందా అని అడుగుతుంది. ఉంటే అందులోది, లేకపోతే ‘రాలేదు’. పాతది తెచ్చి అతికించడం లేదు. రాసిన టైము కూడా వరసలోనే రాయించాను. ఫైలుకు కంప్యూటరు వేసే టైమును నమ్మడానికి లేదు, ఎవరైనా ఇంకోచోటికి కాపీ చేస్తే అది మారిపోవచ్చు.

ఈ తేడా యూనిక్సు పెద్దలకు ముందే తెలుసు. మాట వెతికే ‘గ్రెప్’ కమాండు పని ముగించాక ఒక అంకె చెబుతుంది. దొరికితే 0, దొరక్కపోతే 1, అసలు ఫైలే తెరవలేకపోతే 2. ‘వెతికాను, లేదు’ వేరు, ‘వెతకలేకపోయాను’ వేరు. పుస్తకంలో ఇది చదివి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. డ్రైయరు దగ్గరికి వెళ్ళేదాకా బుర్రకెక్కలేదు.

1971లో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లెస్ ఎర్నెస్ట్ అనే ఆయన రాసిన ‘ఫింగర్’ ఈ జాతి కమాండ్లకు తాతగారు. కంప్యూటరు మీద ఎవరెవరున్నారో చెప్పే పట్టీని వేలితో తడుముతూ జనం వెతుక్కోవడం చూసి ఆయన ఆ పేరు పెట్టాడు. దానికి తోడు ‘ప్లాన్’ అనే ఫైలు ఉండేది. సీటులో లేనివాడు ఎందుకు లేడో, ఎక్కడ దొరుకుతాడో అందులో రాసిపెట్టేవాడు. అంటే మనిషి లేనప్పుడు కూడా ఒక మాట చెప్పే ఏర్పాటన్నమాట.

2025 జూన్ 30న మాకు కూతవేటు దూరంలోని పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి నలభైమందికి పైగా పోయారు. చాలామంది ఇతర రాష్ట్రాలనుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్ళు. మృతులను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చెయ్యవలసివచ్చింది. కొందరి ఆనవాలే దొరకలేదు. ఆ గేటు బయట తమవాళ్ళ పేర్లు చెబుతూ నిలబడ్డవాళ్ళను తలచుకుని, నా పట్టీలో ఇంకో గడి చేర్చాను: ఈ షెడ్డులో ఇప్పుడు ఎందరున్నారు, పేర్లతో. కాంట్రాక్టు కూలీలవి కూడా. దీనికి మాత్రం కొందరు సూపర్‌వైజర్లు విసుక్కున్నారు. చేతినిండా పొడితో, గ్లవుసులతో వచ్చి ఆఫీసులోని ఒకే కంప్యూటరు ముందు పదిహేను పేర్లు కొట్టాలంటే ఎవరికి మాత్రం ఓపిక? నిన్నటి పేర్లు చూపించి, మారినవారిని మాత్రం దిద్దమంటే సులువే. కాని దిద్దకుండానే సరే కొట్టేస్తారు, మళ్ళీ నిన్నటి కాగితమే అవుతుంది. చివరికి పేరుకొక నెంబరు ఇచ్చి, అది మాత్రం కొట్టమన్నాను. తెలుగులో అడిగేలా చేద్దామనుకున్నాను గాని ఆ నల్లతెరమీద మన ఒత్తులు, గుణింతాలు విడిపోయి చదవడానికి రాలేదు.

అచ్చులో ‘రాలేదు’ వరసలను అన్నిటికన్నా పైన వేయించాను. మేనేజరుగారికి మొదట అది నచ్చలేదు. పైవాళ్ళకు పంపే కాగితంలో మొదట్లోనే లోపాలేమిటన్నారు. రెండురోజులు వాదించాను. మూడోరోజు ఆయనే ఫోనెత్తి, రానివాటి సంగతి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు. నేను వచ్చేసే రోజున పైన రెండు ‘రాలేదు’లున్నాయి: బాయిలరు, డ్రైయర్లు. ఎలక్ట్రీషియను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టార్చిలైటు తీసుకుని డ్రైయర్ల షెడ్డువైపు నడిచాడు.