నాలుగు నెలలు ఒకే కొండ మీద: కిష్కింధకాండలో వానాకాలం

 

2021లో జులై 20, మంగళవారం తొలి ఏకాదశి. చాతుర్మాస్యం ఆ రోజే మొదలైంది. ఆ వారం వీడియోలో నియమాల గురించి చెప్పుకున్నాం కదా, అందులో టైమ్ చాలక ఒక్క మాటతో దాటేసిన విషయం ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. శ్రీరాముడు వానాకాలం నాలుగు నెలలూ ఒకే చోట ఎలా గడిపాడు?

కథ అందరికీ తెలిసిందే. వాలి వధ అయింది, సుగ్రీవుడికి రాజ్యం వచ్చింది. సీతమ్మ జాడ మాత్రం ఇంకా తెలీదు. ఇంతలో శ్రావణం వచ్చేసింది. ఇది బయలుదేరే కాలం కాదు, కార్తికం రాగానే ప్రయత్నం మొదలుపెట్టు అని రాముడే సుగ్రీవుడితో చెబుతాడు. పద్నాలుగేళ్ళు ఊళ్ళో అడుగుపెట్టనన్న మాట ఉంది కాబట్టి తాను కిష్కింధలోకి వెళ్ళడు. లక్ష్మణుడితో కలిసి ప్రస్రవణ పర్వతం మీద ఒక గుహలో ఉంటాడు. హంపిలో ఉన్న మాల్యవంత కొండే అదని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ కొండ మీద రఘునాథస్వామి గుడి ఉంది. ఒక పెద్ద బండరాయిని కలుపుకునే గుడి కట్టారు, రాయి పైకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది.

భార్య ఎక్కడుందో తెలియదు. చేతిలో పని లేదు. బయటికి కదలడానికి లేదు.

2020 ఉగాది గుర్తుందా? మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది ఆ రోజే. శార్వరి నామ సంవత్సరం, శార్వరి అంటే రాత్రి అని అర్థం. వారం తిరిగేసరికి ఏప్రిల్ 2న శ్రీరామనవమి, భద్రాచలంలో కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. హైదరాబాద్‌లో నా అద్దె గది కిటికీ ముందు వేపచెట్టు పూత రాలుస్తుంటే, మీటింగుకీ మీటింగుకీ మధ్య దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. కిష్కింధకాండ 28వ సర్గ మొదటిసారి శ్రద్ధగా చదివింది ఆ ఏడాది వానల్లోనే.

ఆ సర్గ అంతా వానే. సూర్యకిరణాలతో సముద్రపు నీళ్ళు తాగి, ఆకాశం తొమ్మిది నెలలు గర్భం మోసిందంటాడు రాముడు. మబ్బుల్ని మెట్లుగా చేసుకుని పైకెక్కి సూర్యుడికి కొండమల్లెల దండ వేయొచ్చట. తుమ్మెదలు వీణ, కప్పలు తాళం, మేఘాలు మృదంగం. దారులు నీళ్ళలో మునిగాయి కాబట్టి రాజుల సేనలు వెనక్కి తిరిగాయి, శత్రుత్వాలు కూడా ఆగిపోయాయి. ఊరుగాని ఊళ్ళో ఉన్నవాళ్ళు సొంత ఊళ్ళకు వెళ్ళిపోతున్నారు. లాక్‌డౌన్ రోజుల్లో రోడ్ల వెంట నడిచి వెళ్ళినవాళ్ళను చూశాక, ఆ చివరి మాట నేను మామూలుగా చదవలేకపోయాను.

మరి ఇన్ని అందాలు చూశాక రాముడి దుఃఖం తగ్గిందా అంటే, లేదండీ. నల్లమబ్బులో మెరుపు మెరిస్తే రావణుడి ఒడిలో గిలగిల్లాడే సీతే గుర్తొస్తుంది ఆయనకు. ప్రకృతిని చూసి బాధ మర్చిపోండి అని వాల్మీకి ఎక్కడా అనలేదు. ఇప్పుడు మనవాళ్ళు పంచుకునే సూర్యోదయం ఫోటోల కింద ఉండే మాటలకూ ఈ సర్గకూ తేడా అక్కడే ఉంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, రాజమండ్రిలో మా బాబాయి 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. పదో రోజు కూడా వీడియో కాల్‌లోనే చూశాం. తర్వాత ఒకరోజు పిన్ని అంది, "పెరట్లో మల్లె ఎప్పుడూ లేనంతగా విరగబూసిందిరా. చూస్తే ఒళ్ళు మండింది. ఎవరికోసం పూసినట్టు? ఇంతమంది పోతుంటే మీరు పూలూ వానా అంటూ వీడియోలు చేస్తారేంటి?"

నా దగ్గర జవాబు లేదు. కిష్కింధకాండ మొదటి సర్గ చదివి వినిపించాను. అక్కడ పంపా తీరంలో వసంతం. పూసిన ప్రతి చెట్టూ రాముణ్ణి కాల్చేస్తుంది, లక్ష్మణుడు గట్టిగా ధైర్యం చెప్పాల్సి వస్తుంది. పిన్ని ఏమీ అనలేదు. కొన్నాళ్ళకు 28కి వచ్చాం. అందులో ఒకచోట రాముడు, ఈపాటికి సరయు నిండి పొంగుతూ ఉంటుంది అని అనుకుంటాడు. అది విని పిన్ని, "మీ బాబాయి ఈ రోజుల్లో పొద్దున్నే గట్టుకెళ్ళి, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయేమో చూసొచ్చేవారు" అంది. ఆయన పోయాక ఆయన గురించి ఏడవకుండా మాట్లాడటం అదే మొదలు.

నాకు అర్థమైనంతలో, రాముడు ఋతువును చూడటం కాలక్షేపం కోసం కాదు. మా సాఫ్ట్‌వేర్‌లో వెయిట్ అంటే ప్రోగ్రామ్ చచ్చిపోయిందని కాదు, రావలసిన సిగ్నల్ కోసం చెవి పెట్టుకుని ఉందని. ఈయన ఎదురుచూపూ అలాంటిదే. 30వ సర్గకు శరత్తు వస్తుంది. ఆకాశం తేటపడుతుంది, నదుల్లో ఇసుకతిన్నెలు బయటపడతాయి. నాలుగు నెలలు ఆకాశాన్ని చూసినవాడు కాబట్టి గడువు అయిపోయిందని ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. సుగ్రీవుడు మాత్రం అంతఃపురంలో కాలాన్నే మర్చిపోయాడు. అప్పుడు రాముడికి వచ్చే కోపం చూడాలి! లక్ష్మణుణ్ణి పంపుతాడు.

తొలి ఏకాదశి నుంచి 26 మొదలు 30 వరకు, రోజుకొక సర్గ చదవండి. సంస్కృతం రాకపోతే తెలుగు తాత్పర్యం చాలు. చదివాక ఆ రోజు బయట కనిపించింది ఏదైనా ఒక్కటి తేదీ వేసి రాసుకోండి, మబ్బైనా సరే, గోడ మీద నాచైనా సరే. బాధ ఉంటే దాన్ని కూడా పక్కనే రాయండి, రాముడు దాచుకోలేదు కదా. సర్గల సంఖ్య కొన్ని ప్రతుల్లో ఒకటి అటూ ఇటూ ఉండొచ్చు, కంగారుపడకండి.

నేను ఫోన్‌లో చదువుతున్నాను, పిన్ని వింటోంది. ఇప్పటికి 29కి వచ్చాం.