దోషవాక్యమును చదువుట

విద్యార్థులారా! మాదాపురమున 1998వ సంవత్సరమందు సైబర్ టవర్సు తెరువబడెను. నేడు ఆ హైటెక్ సిటీ ప్రాంతమున పనిచేయు నిపుణునకును, ఇంట పైథాన్ నేర్చుకొను బాలునకును ఎదురగు చిక్కొకటి కలదు: శాస్త్రగణనకు వలసిన ప్యాకేజీ స్థాపనకు లొంగదు.

దోషములు రెండు తెఱగులు. మూలప్రతిని యంత్రభాషగా మార్చుటలో కలుగునది నిర్మాణదోషము. 2023 అక్టోబరున వెలువడిన పైథాన్ 3.12 నుండి డిస్ట్‌యుటిల్స్ తొలగింపబడగా, దానిపై నాధారపడిన పాత ప్యాకేజీలు కొన్ని నిర్మాణమునకే రాకపోయెను. స్థాపన ముగిసియు, పిలిచినపుడు ప్యాకేజీ పలుకకున్న నది ఇంపోర్టు దోషము. సంఖ్యాపట్టికల గణనకు వాడు నంపై యొక్క 2.0 కూర్పు 2024 జూనున రాగా, నంపై 1 కొఱకు కంపైలు చేయబడిన ప్యాకేజీలు కొన్ని ఇట్లే నిలిచిపోయెను. నంపై 1కి మరలుటయో, ఆ ప్యాకేజీ క్రొత్త కూర్పును తెచ్చుకొనుటయో దీనికి మందు.

ఇంపోర్టు దోషమున కడపటి పంక్తిని ముందు చదువుడు. నిర్మాణదోషమున తప్పు మొదట కనబడిన పంక్తిని వెదకుడు. ఒక్కొక్క పనికి వేఱుగా వర్చువల్ ఎన్విరాన్‌మెంటు నేర్పఱచి, కూర్పుల సంఖ్యలను వ్రాసి యుంచుడు. అన్నిటిని చెఱిపి మరల మొదలిడుట రోగమెఱుగక మందు మ్రింగుట వంటిది. మన యంత్రమున వచ్చిన ఫలితము ఇతరుల యంత్రమునను వచ్చిననే గదా లెక్క నమ్మదగినది!