మూడేళ్లలో పట్టే ప్రశ్న

అమ్మలూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన గ్రాంటు ముసాయిదా రెండూ చదివాను. ఉద్దానం కిడ్నీ జబ్బు మీదే పట్టుబట్టాలా, లేక మీ డిపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లు చెబుతున్నట్టు ఇప్పుడు నిధులు దండిగా వస్తున్న రంగంలోకి మారిపోవాలా అని అడిగావు. మారొద్దు. జర్మనీలో ఉన్నన్నాళ్లూ సెలవుకు వచ్చినప్పుడల్లా నువ్వు సోంపేట, కంచిలి ఊళ్ల గురించే మాట్లాడేదానివి. ఆ పట్టుదల లేని విషయం మీద రాసిన ప్రతిపాదన రెండో పేజీకే తేలిపోతుంది. చదివేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

అయితే నీ ముసాయిదా ఇలాగే పంపితే గ్రాంటు రాదు. నీళ్లు, నేల, పురుగు మందులు, ఎండలో పని, జన్యువులు, అన్నీ కలిపి "ఉద్దానం జబ్బుకు కారణం తేల్చడం" అని లక్ష్యం రాశావు. కవిటి, ఇచ్ఛాపురం నుంచి పలాస, మందస, వజ్రపుకొత్తూరు దాకా పరుచుకున్న సమస్య అది. ఎన్ని బృందాలు వచ్చి వెళ్లినా కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. దాన్ని ఇద్దరు స్కాలర్లతో మూడేళ్లలో తేలుస్తానంటే కమిటీలో ఎవరూ నమ్మరు. నువ్వు మార్చాల్సింది ప్రశ్నను కాదు, దాని కొలతను.

ఈ విషయంలో నీకు చూపించదగ్గ మనిషి మన శ్రీకాకుళంలోనే పుట్టాడు. విదేశాల నుంచి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకు బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే రీ-ఎంట్రీ ఫెలోషిప్పుకు రామలింగస్వామి పేరు పెట్టారు కదా, ఆ వులిమిరి రామలింగస్వామి గారే. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఎయిమ్స్ డైరెక్టరుగా, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్‌గా చేశారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయనా, ఆయన సహచరులూ గాయిటర్ మీద పని మొదలుపెట్టారు. హిమాలయాల పొడవునా గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉబ్బి లక్షలమంది బాధపడుతున్న రోజులవి. వాళ్లు హిమాలయాలన్నీ భుజాన వేసుకోలేదు. ఒక లోయ తీసుకున్నారు. దాన్ని మూడు ప్రాంతాలుగా విడదీశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించి, ఏళ్ల తరబడి పిల్లల గొంతులు పరీక్షించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట వాపు తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. 1962లో దేశం గాయిటర్ నియంత్రణ కార్యక్రమం చేపట్టింది. ఇవాళ నీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ అన్న మాట ఉందంటే దాని వెనక ఆ లోయ ఉంది. జవాబు అవునో కాదో తేలిపోయేంత ఇరుకుగా ప్రశ్న అడగడంలోనే ఆ పని గొప్పతనమంతా ఉందని నా నమ్మకం.

నీకూ అలాంటి ఇరుకు కావాలి. ఉదాహరణకి, ఒకే మండలంలో, జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసే వయసు కుర్రవాళ్లలో, వేసవికి ముందూ వేసవి తర్వాతా కిడ్నీ పనితీరు మారుతోందా? ఇది మూడేళ్లలో పడుతుంది. మారుతోందని తేలితే తర్వాతి గ్రాంటుకు దారి దొరుకుతుంది. మారడం లేదని తేలినా ఒక అనుమానం తగ్గుతుంది, అదీ ఫలితమే. ఎటు తేలినా పనికొచ్చేలా ప్రశ్న పెట్టుకున్నవాళ్లని కమిటీలు ఇష్టపడతాయి. నేను అలాంటి కమిటీల్లో చాలాకాలం కూర్చున్నవాణ్ని కనుక చెబుతున్నాను. సభ్యులు సారాంశం, లక్ష్యాలు చదివి, నేరుగా బడ్జెట్ పేజీ తిప్పుతారు. మనిషి ఏం చేయబోతున్నాడో అక్కడ తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు.

నీ బడ్జెట్ పేజీ నన్ను కలవరపెట్టింది. పాత సెర్బ్ స్థానంలో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటుకు కదా నువ్వు రాస్తున్నది. మూడేళ్లకు గరిష్ఠంగా 60 లక్షలు, ఓవర్‌హెడ్ అదనం. అందులో సగానికి పైగా నువ్వు పరికరాలకే రాశావు. లోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ మనం కొనగలిగేది కాదు, కొన్నా దాన్ని నడిపే మనిషికీ, ఆర్గాన్ గ్యాసుకీ, సర్వీసు ఒప్పందానికీ డబ్బుండదు. దేశంలో ఏ పరికరం ఎక్కడుందో ఐ-స్టెమ్ పోర్టల్లో దొరుకుతుంది. శాంపిల్‌కి ఇంత అని కట్టి చేయించుకో. మిగిలిన డబ్బు మనుషుల మీద పెట్టు. ఒక జూనియర్ రీసెర్చ్ ఫెలోకి నెలకు 37,000, మూడో ఏడు సీనియర్ ఫెలో అయితే 42,000. ఇంటి అద్దె భత్యం కాకుండానే ఒక్కొక్కరికి మూడేళ్లకు దాదాపు 14 లక్షలు. ఇద్దరికి 28 లక్షలు. ఇద్దరు మంచి పిల్లల్ని మూడేళ్లు నిలబెట్టుకోగలిగితే నీ ల్యాబ్ నిలబడుతుంది. ఊరూరా తిరిగి, తెల్లవారుజామున తోటలకి వెళ్లకముందే మనుషుల్ని పట్టుకుని మూత్రం, రక్తం సేకరించాల్సింది వాళ్లే. వాళ్ల ప్రయాణాల పద్దు నువ్వు పెట్టినదానికి రెట్టింపు చెయ్యి.

ఇక ఆఫీసు పనులు. మీ యూనివర్సిటీ ఎండార్స్‌మెంట్ పత్రం మీద రిజిస్ట్రార్ సంతకం అవ్వాలి. ఆ ఫైలు గడువుకు నెల ముందే కదిలించు. ఎథిక్స్ కమిటీ అనుమతికి ఇప్పుడే దరఖాస్తు పెట్టు. జర్మనీలో మీ పాత ల్యాబ్‌తో కలిసి చేద్దామనుకుంటున్నావు, మంచిదే. కానీ విదేశీ భాగస్వామ్యంతో మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధనకు ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. దానికి పట్టే కాలాన్ని నీ పని పట్టికలో చూపించు.

గ్రాంటు వచ్చాక యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్న మాట నిన్ను వదలదు. మార్చి 31 నాటికి లెక్క తేలి, ఫైనాన్స్ ఆఫీసరు సంతకం పెట్టి పంపితేనే తర్వాతి విడత కదులుతుంది. అది ఆలస్యమైతే జీతాలు ఆగేది నీకు కాదు, నీ స్కాలర్లకి. అద్దె కట్టుకోలేక, ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగలేక నలిగిపోయిన పిల్లల్ని నేను చూశాను. దయచేసి లెక్కల పుస్తకం నీ చేతిలోనే ఉంచుకో, ఫిబ్రవరి నుంచే అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరుగు. దీన్ని గుమాస్తా పని అనుకోకు. నీ స్కాలర్ల బతుకు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకో మాట, ఇది మీ తోటివాళ్లెవరూ ఆలోచించరు. ఈ ఎర్లీ కెరీర్ గ్రాంటు జీవితంలో ఒక్కసారే దక్కేది. వయసు పరిమితి 42, కొందరికి సడలింపు ఉంది. ఆ తర్వాత పాతికేళ్ల అనుభవం ఉన్న ప్రొఫెసర్లతో కలిసి అదే వరుసలో నిలబడాలి. మొదటి గ్రాంటు పూర్తయి, రెండోది రాక, నలభై అయిదేళ్ల వయసులో ఖాళీ ల్యాబుల్లో పాఠాలు మాత్రం చెప్పుకుంటూ మిగిలిపోయిన సమర్థులు ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో ఒక శాతం కూడా లేదు. ఆ ఉన్న కొద్దిలో నడివయసు పరిశోధకుడి వాటా ఇంకా తక్కువగా కనిపించడం నాకు చాలా బాధ. అందుకే మొదటి గ్రాంటు రెండో ఏడులోనే రెండోదానికి రాయడం మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లోనే ఇండియా అలయన్స్ ఉంది. 2008 నుంచి బయోమెడికల్ రంగంలో మొదటి దశలో ఉన్నవాళ్లకీ, మధ్య దశలో ఉన్నవాళ్లకీ వేర్వేరుగా ఫెలోషిప్పులు ఇస్తోంది. వయసు చూడదు, పరిశోధనలో గడిపిన ఏళ్లు చూస్తుంది. నీకు పిల్లలు పుట్టి మధ్యలో విరామం వచ్చినా వయసు కారణంగా తలుపు మూసుకోదు. 2025లో దాని మూడో దశకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది: మొత్తం 1,500 కోట్లలో బయోటెక్నాలజీ విభాగానివి వెయ్యి, బ్రిటన్‌లోని వెల్‌కమ్‌వి 500. ఆ ఫెలోషిప్పు ఇంటర్వ్యూలో ప్రశ్నలు గట్టిగా ఉంటాయని విన్నాను. వెళ్లు, ఎంపిక కాకపోయినా రివ్యూయర్ల వ్యాఖ్యలు దాచుకో. తిరస్కరించిన వ్యాఖ్యల్లో సగం అన్యాయంగా తోస్తాయి. వారం రోజులు పక్కన పెట్టి మళ్లీ చదివితే పనికొచ్చేవి రెండు మూడు దొరుకుతాయి, వచ్చే ముసాయిదా వాటితో మొదలుపెట్టు.

చివరిగా నీ బడ్జెట్లో లేని పద్దు ఒకటి నువ్వే చేర్చాలి. ఉద్దానం మనుషులు ఎంతోమందికి రక్తం ఇచ్చారు, ఎన్నో ఫారాల మీద వేలిముద్రలు వేశారు. ఏం తేలిందో వాళ్లకు తిరిగొచ్చి చెప్పినవాళ్లు తక్కువ. ప్రతి ఊళ్లోనూ ఏడాదికోసారి సమావేశం పెట్టి, తెలుగులో, మామూలు మాటల్లో, అప్పటిదాకా తెలిసిందేమిటో, తెలియనిదేమిటో చెప్పడానికి ఖర్చు రాయి. క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లని పలాస ఆసుపత్రికి చేర్చడానికి బండి ఖర్చు రాయి. కమిటీ కొట్టేస్తే నాకు చెప్పు, ఆ మొత్తం నేను పంపిస్తాను. లక్ష్యాల పేజీ, బడ్జెట్ పేజీ కొత్తగా రాసి ఆ రెండే ముందు పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

నీ మావయ్య