ఆరోగ్యబీమా - యజమాని లేని నేతపనివానికి సంఘమే అండ

ఆరోగ్యబీమా అనగానే అది కచేరీ ఉద్యోగులకు, పెద్ద కార్ఖానాల జీతగాండ్రకు చెందినదని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. బెంగుళూరు నగరమున మగ్గమును నమ్ముకొని బ్రతుకుచున్న తెలుగు కుటుంబములకు అది ఎంతవరకు అందుచున్నది, అందరికి అందినచో కలుగు మేలేమి అను విషయములను ఈ పాఠమున పరిశీలింతము.

ముందు మన స్థితి చూతము. నేతపనివానికి జబ్బు చేసినచో రెండు నష్టములు ఒక్కసారే వచ్చును. ఆసుపత్రి ఖర్చు ఒకటి, మగ్గము ఆగి కూలి రాకపోవుట రెండవది. భర్త మంచమెక్కినచో భార్య కండెలు చుట్టుట మాని అతనికి సేవ చేయవలెను. అప్పుడు మిగిలిన దారి సావుకారు వద్ద అడ్వాన్సు తీసికొనుట. ఆ బాకీ తీరువరకు అతడు చెప్పిన కూలికే నేయవలెను. జబ్బు పది దినములలో తగ్గవచ్చును, బాకీ మాత్రము ఏండ్ల తరబడి తీరదు. సొంత మగ్గము అమ్ముకొని పరుల మగ్గముపై కూలికి కుదిరిన కుటుంబములను విచారించిన, మొదటి అప్పు ఆసుపత్రికై చేసినదేయని చెప్పువారు అనేకులు.

కార్ఖానా పనివారికి ఈ కష్టము తప్పించుటకే 1948లో కార్మిక రాజ్య బీమా చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు ఆరంభమై, 1958లో బెంగుళూరునకు వ్యాపించినది. ఇందు పనివాని జీతము నుండి కొంత, యజమాని నుండి అంతకంటె ఎక్కువ జమయగును. వైద్యముతోపాటు జబ్బు దినములకు కొంత భత్యము కూడ లభించును. కాని ఇంటిలోనే మగ్గము వేసికొన్నవానికి, నలుగురైదుగురు పనిచేయు చిన్న షెడ్డులోని మరమగ్గపు పనివానికి ఆ ద్వారము సామాన్యముగా తెరచుకొనదు. యజమానియే లేనివానికి యజమాని వాటా ఎవరు చెల్లింతురు?

ఈ ప్రశ్నకు కర్ణాటకలోనే ఒక సమాధానము దొరకినది. బెంగుళూరు నారాయణ హృదయాలయ స్థాపకులు డాక్టరు దేవి శెట్టి గారి ప్రేరణతో, సహకారశాఖ తోడ్పాటుతో 2003 జూన్‌లో యశస్విని పథకము ఆరంభమైనది. సహకార సంఘములోని రైతు నెలకు 5 రూపాయలు, అనగా ఏడాదికి 60 రూపాయలు చెల్లించెను. ప్రభుత్వము నెలకు రెండున్నర రూపాయలు కలిపెను. తొలి ఏటనే సుమారు 16 లక్షలమంది చేరిరి. తరువాత నేత సహకార సంఘముల సభ్యులకును ఇందు చోటు లభించినది. యజమాని స్థానమున సంఘము నిలిచినది, వాటాకు ప్రభుత్వము తోడైనది.

అంత తక్కువ చందాతో శస్త్రచికిత్సలు ఎట్లు సాధ్యమైనవి? లెక్క సులభము. వేయి కుటుంబములు చేరినవనుకొందము. ఏడాదిలో పది కుటుంబములకు తలా 60 వేల రూపాయల ఆపరేషను అవసరమైనచో మొత్తము 6 లక్షలు, కుటుంబమునకు 600 మాత్రమే. కాని జబ్బు రానున్నదని ఎరిగిన నూరు కుటుంబములే చేరి, వానిలో ఎనిమిదింటికి ఆపరేషను కావలసి వచ్చినచో 4 లక్షల 80 వేలు, అనగా కుటుంబమునకు 4,800 పడును. నాకేమి జబ్బు, నేనెందుకు చేరవలెనని ఆరోగ్యవంతుడు తప్పుకొన్నకొలది రోగి భారము పెరుగును. పడుగులో పోగులు తగ్గిన బట్ట పలుచనగును గదా!

చందా పెరిగినను పేదలు జారిపోవుదురు. 2005లో యశస్విని చందా 120 రూపాయలు కాగా, చేరినవారి సంఖ్య సుమారు 20 లక్షల నుండి 15 లక్షలకు పడిపోయినది. కావున విస్తరణ అనగా పథకము ప్రకటించుట మాత్రమే కాదు, చందా బీదవానికి అందునట్లు ప్రభుత్వము తన వాటా నిలుపుట కూడ.

యశస్విని 2018లో ఆరోగ్య కర్ణాటకలో కలిసిపోయి, 2022లో పునరుద్ధరింపబడి, 2023 జనవరి నుండి చికిత్సలు ఇచ్చినది. అప్పుడు నలుగురున్న కుటుంబమునకు గ్రామములందు 500, పట్టణములందు 1,000 రూపాయల చందా, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యము నిర్ణయమైనవి. ఇక 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ అర్హత గల పేద కుటుంబమునకు 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఇచ్చును. రేషను కార్డు ధర్మవరములోనో హిందూపురములోనో ఉండి, బ్రతుకు బెంగుళూరులో ఉన్న మనవారు ఏ కార్డు ఎక్కడ చెల్లునో జబ్బు రాకముందే విచారించుకొనవలెను.

లోపమును దాచరాదు. ఈ పథకములు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవారికే. మన నిత్య బాధలైన నడుమునొప్పి, మోకాళ్ల నొప్పి, కంటిచూపు మందగించుట, దూది ధూళితో వచ్చు దగ్గు - వీని మందుల ఖర్చు మన చేతినుండియే పోవుచున్నది. 2005లో కేంద్ర ప్రభుత్వము చేనేతవారికై పెట్టిన బీమాలో కుటుంబమునకు ఏటా 15,000 రూపాయలలో సగము బయటి రోగి వైద్యమునకే ఉండెడిది. అట్టి ఏర్పాటు మరల రావలెనని మనము అడుగుట న్యాయము.

కావున సంఘ సభ్యులు చేయవలసిన పనులు మూడు. సభ్యత్వమును చెల్లుబాటులో ఉంచుకొనుట. చేర్చుకొను గడువు వెలువడగానే ఆరోగ్యముగా ఉన్న యువకులతో సహా అందరు చేరుట. చందా కట్టలేని వితంతువులు, వృద్ధుల పక్షమున సంఘ నిధి నుండి చెల్లించుట. మగ్గము ఒకరిదైనను, దానిని నిలుపు పూచీ అందరిది.