మరపు ఒకరిది, అలసట మరొకరిది

భోజనం ముగిసిన పావుగంటకే అత్తగారు "అమ్మాయీ, అన్నం పెట్టలేదేం?" అని అడుగుతారు. ఊరు విడిచి ఇరవై ఏళ్లయినా "తెనాలి బండికి వేళయింది" అంటూ సంచి సర్దుకుంటారు. మొండితనంగా తోచే ఈ చేష్టలు డిమెన్షియా లక్షణాలు కావచ్చు. థైరాయిడ్ లోపం, బి12 కొరత వలన కూడా మతిమరపు కలుగుతుంది గనుక తొలుత వైద్యపరీక్ష అవసరం.

డిమెన్షియాలలో ప్రధానమైనది అల్జీమర్స్ వ్యాధి. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ దీనిని తొలిసారిగా వర్ణించారు. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఇందులో సాధారణంగా ముందుగా దెబ్బతింటుంది. అందుచేతనే ఉదయం తిన్న ఇడ్లీ గుర్తుండదు, చిన్ననాడు ఈదిన చెరువు గుర్తుంటుంది.

విదేశాలలోని మన కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. కొందరిలో తరువాత నేర్చిన ఇంగ్లీషు సడలిపోయి తెలుగే మిగులుతుంది. అప్పుడు తెలుగు రాని సహాయకురాలు వచ్చినా, రేయింబవళ్లు బదులు చెప్పవలసినది కోడలో కూతురో. నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ ఇట్టివారికై 1981లో రచించిన గ్రంథానికి 'ముప్పై ఆరు గంటల రోజు' అనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఎంతో సముచితం.

సేవ చేసేవారు విశ్రాంతి కోరడం స్వార్థమని మనలో చాలామంది భావన. అది పొరపాటు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగులను చూసుకొనే 206 మంది జీవిత భాగస్వాములపై జరిపిన అధ్యయనం 1996లో వెలువడినది. సలహాలు, కుటుంబ సమావేశాలు, తోటివారి బృందం అండగా నిలిచినచోట రోగిని నర్సింగ్ హోమ్‌లో చేర్చవలసిన సమయం సుమారు 329 రోజులు వెనుకకు జరిగినది.

వారానికి రెండు పూటలు కొడుకో, మరిదో వచ్చి కూర్చుంటే కోడలికి కాస్త నిద్ర దొరుకుతుంది. వచ్చినవారు "ఇప్పుడే తిన్నారు కదా" అని వాదించక, ఒక అరటిపండు చేతికిచ్చి తెనాలి సంగతులు అడగడం మేలు.