పాత డెస్క్‌టాప్‌కు కొత్త భాగాలు: కొనుగోలుదారు హక్కులు, గడువులు

ఈ సమాధానాలలో ‘కీలక భాగం’ అంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లైలలో ఏదైనా ఒకటి. ‘విక్రేత’ అంటే వాటిని వ్యాపారంగా అమ్మేవారు. భారతదేశంలో చేసిన కొనుగోళ్లకు మాత్రమే ఇవి వర్తిస్తాయి.

1. డబ్బు తక్కువగా ఉంటే ముందు ఏ కీలక భాగం మార్చాలి?

ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే ముందు ఎస్‌ఎస్‌డీ, ఆ తర్వాత అవసరాన్ని బట్టి ర్యామ్. ప్రాసెసర్ జోలికి వెళితే సాకెట్ కుదరక మదర్‌బోర్డు, దానితో పాటు ర్యామ్ కూడా మార్చవలసి రావచ్చు. ఒక మినహాయింపు ఉంది. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, మైక్రోసాఫ్ట్ జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ కోర్ శ్రేణిలో ఆ జాబితా స్థూలంగా 8వ తరంతో మొదలవుతుంది. మీ ప్రాసెసర్ అందులో లేకపోతే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మార్చినంత మాత్రాన విండోస్ 11కు అర్హత రాదు.

2. కొన్న కీలక భాగంలో లోపం లేదు, కానీ నా కంప్యూటర్‌కు సరిపోలేదు. సొమ్ము వాపసు అడగవచ్చా?

మీరు ఎలా అడిగి కొన్నారన్న దానిపై ఆధారపడుతుంది. వస్తు విక్రయ చట్టం, 1930, సెక్షన్ 16 ప్రకారం, కొనుగోలుదారు తన అవసరాన్ని విక్రేతకు తెలిపి, అతని నైపుణ్యంపై ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి తగినట్టు ఉండాలన్న షరతు ఆ విక్రయంలో అంతర్లీనంగా ఉంటుంది. అయితే వస్తువును దాని వ్యాపార నామంతో కొన్నప్పుడు ఈ షరతు వర్తించదు. ‘ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ ఇవ్వండి’ అని అడిగి తెచ్చుకున్నవారి వాదన ఇక్కడే బలహీనపడుతుంది. అందువల్ల మీ మదర్‌బోర్డు మోడల్, పవర్ సప్లై వాట్లు రాసి, ‘దీనికి సరిపోయే ర్యామ్ కావాలి’ అని విక్రేతకు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపండి. జవాబు వచ్చాకే డబ్బు చెల్లించండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, మీ ఊరి దుకాణంలో కొన్నా ఈ జాగ్రత్త తప్పనిసరి. నోటి మాటను తర్వాత నిరూపించడం చాలా కష్టం.

3. కీలక భాగంలోనే లోపం ఉంటే?

బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర ఇటువంటి సందర్భంలో విక్రేతను కాపాడదని నా అభిప్రాయం. సాకెట్ పిన్నులు వంగడం వంటి భౌతిక నష్టాన్ని మాత్రం వారంటీ సాధారణంగా భరించదు. కనుక విక్రేత ఎదుటే పెట్టె తెరిచి ఫొటో తీసుకోండి.

4. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే?

ఒప్పుకోకండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లుపై కీలక భాగం సీరియల్ నంబర్ రాయించుకోండి. పెట్టె లేని ‘ట్రే’ ప్రాసెసర్ కొంటే ఇంటెల్ నుంచి నేరుగా వారంటీ ఉండదు, విక్రేత రాసిచ్చినదే మీకు ఆధారం.

5. మదర్‌బోర్డు మారిస్తే విండోస్ లైసెన్స్ ఉంటుందా?

కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్స్ సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌ను, పాత యంత్రంలో తొలగించి, కొత్తదానికి మార్చుకోవచ్చు. మార్పుకు ముందే దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేయండి.

6. వాడిన కీలక భాగం కొంటే?

విక్రేత వద్ద కొంటే పై హక్కులు ఉంటాయి, కానీ మీకు ముందే చెప్పిన లోపంపై ఫిర్యాదు నిలవడం కష్టం. వ్యాపారి కాని వ్యక్తి వద్ద కొంటే వినియోగదారుల కమిషన్ మార్గం సాధారణంగా ఉండదు.

7. ఎక్కడ, ఎప్పటిలోగా ఫిర్యాదు చేయాలి?

ముందు విక్రేతకు లిఖితపూర్వకంగా తెలపండి. ఆన్‌లైన్ కొనుగోలైతే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలు గడువు. ఆలస్యానికి తగిన కారణం చూపితేనే సడలింపు ఉంటుంది. విక్రేతతో సంప్రదింపులు సాగుతున్నంత మాత్రాన గడువు పెరగదు.

తిరిగి అమ్మడానికో, వాణిజ్య ప్రయోజనానికో కొన్నవారు ‘వినియోగదారు’ కారు. స్వయం ఉపాధితో జీవనం సాగించడానికే కొన్నవారికి ఈ పరిమితి వర్తించదు. లోపాన్ని పరీక్షిస్తే తప్ప తేల్చలేనప్పుడు కమిషన్ ఆ కీలక భాగాన్ని ప్రయోగశాలకు పంపవచ్చు. కనుక ఫిర్యాదు తేలేదాకా దాన్ని మరొకరి చేత విప్పించకండి, బాగు చేయించకండి.